ఆరు పేర్లలో ఒకటే నిజం

కమలాపురం దగ్గర ఒక పల్లె. అక్కడి నుంచి కడప పెద్దాసుపత్రికి బండిలో నలభై అయిదు నిమిషాల దారి. ఆ నలభై అయిదు నిమిషాలూ హనుమమ్మ ఒడిలో ఆమె భర్త బొజ్జన్న తల ఉంది. భుజం మీద ఒక వేటు, కడుపులో ఒక వేటు. చుట్టిన పంచె తడిసి సీటు కిందికి కారుతోంది. ఇంక ఈ మనిషి దక్కడని ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు. పంతొమ్మిదేళ్ల కాపురంలో చెప్పుకోవలసినవి ఇద్దరికీ మిగిలే ఉన్నాయి.

చెప్పుకోనివ్వలేదు. బండి ఊరి పెద్ద పుల్లయ్యది. ముందు సీట్లో పుల్లయ్య మనిషి గోపీ వెనక్కి తిరిగి కూర్చుని బొజ్జన్నకు పేర్లు నేర్పిస్తున్నాడు.

"ఇంగోసారి జెప్పు బొజ్జన్నా. కంబన్న. ఆమైన?"

"కంబన్న..."

"ఆమైన ఓబుళేశు. లారీ ఓబుళేశు. ఆ పేరు మర్సిపోతే కుదరదు. ఆమైన దావీదురాజు..."

"గోపీ, ఒక్క గుక్క నీళ్లియ్యప్పా. నోరు ఎండకపోయుండాది ఆయనకు" అంది హనుమమ్మ.

"ఇప్పుడొద్దుక్కా. నీళ్లు తాగి కక్కుకున్యాడంటే మాట పడిపోతాది. మేజిస్ట్రేటు వచ్చేదాంక మాట ఉండల్ల."

మనిషి ఉండాలని కాదు. మాట ఉండాలి. అదీ వాళ్ల మాట. హనుమమ్మ నోరు మూసుకుంది. బొజ్జన్న ఒకసారి కళ్లు తెరిచి ఆమె వైపు చూసి "శిల్ప..." అన్నాడు. శిల్ప వాళ్ల ఒక్కతే కూతురు, అప్పుడు ఇంటర్ చదువుతోంది. గోపీ వెంటనే అందుకున్నాడు.

"శిల్పను పెద్దాయన సదివిస్తాడుప్పా. ఆయమ్మి సంగతి నీకెందుకు? నువ్వు పేర్లు సరిగ్గా జెప్పు, సాలు."

ఎందుకు ఊరుకున్నావని తర్వాత హనుమమ్మను చాలామంది అడిగారు. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే: "బండి వాళ్లది. దోవలో దించేసి పోతే ఏం జేద్దును?"

ఇది 2021 జనవరి నెల సంగతి. బొజ్జన్న చేలో శనగ కాయ పట్టి ఉంది. కంబన్న మేకలు ముప్పై దాకా చేలో పడ్డాయి. బొజ్జన్న వాటిని తోలుకొని బందెలదొడ్డికి బయలుదేరాడు. కంబన్న అడ్డం వచ్చాడు. మాటా మాటా పెరిగింది. మేకలకు కొమ్మలు కొట్టే మచ్చుకత్తి కంబన్న చేతిలోనే ఉంది. రెండు వేట్లు. అంతే జరిగింది. అందులో రాజకీయం లేదు, పాతపగ లేదు.

సద్ది తీసుకొని వస్తున్న హనుమమ్మ పక్క గట్టు మీద నుంచి అరుపు విని పరిగెత్తింది. ఆమె చేరేసరికి కంబన్న లేడు. మేకలు మాత్రం ఇంకా శనగ మేస్తూనే ఉన్నాయి. బొజ్జన్న ఆమెతో అన్న మాట: "కంబన్న నరికినాడే. వాడొక్కడే." ఎవరూ నేర్పకుండా, నొప్పిలో, తనంతట తాను అన్నమాట. విన్నది ఒక్క హనుమమ్మే. ఆమె కేకలకు వచ్చినవాళ్లు మేకలను చూసి కంబన్న పనేనని పుల్లయ్యకు ఫోన్ చేశారు.

మరి ఆరు పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

మా వైపు పల్లెల్లో దీనికి ఒక పద్ధతి ఉంది. మనిషి మీద కత్తి పడిందని తెలిస్తే మొదట ఆసుపత్రికి ఫోన్ చేయరు. పెద్దమనిషికి చేస్తారు. ఆయన ఇంటి వసారాలో నలుగురు కూర్చుని పేర్లు కూర్చుతారు. నరికినవాడి పేరు ఎలాగూ ఉంటుంది. దానికి తోడు మొన్నటి పంచాయతీలో ఎదురు మాట్లాడినవాడు, ఓటు వేయనివాడు, రేపు వార్డుకు నిలబడదామనుకుంటున్నవాడు. పొద్దున జరిగిన రక్తపాతం మధ్యాహ్నానికి పెద్దమనిషి చేతిలో పనిముట్టు అవుతుంది. ఈ పని చేసేవాళ్లెవరూ దాన్ని అబద్ధం అనుకోరు. "కేసు గట్టిగా ఉండల్ల గదా" అంటారు. అదే వాళ్లు చేసే పెద్ద పొరపాటు. అది ఎంత పెద్దదో ఈ కథ చివరికి మీకే తెలుస్తుంది.

ఓబుళేశు ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీకి సొంత లారీ తోలతాడు. పుల్లయ్య వర్గం ఏకగ్రీవం అనుకున్న వార్డులో పోటీకి దిగుతానన్నాడు. అదీ అతని నేరం. దావీదురాజుకు అరవై దాటింది, మోకాళ్లు పనిచేయవు. ఆయన ఓబుళేశు పక్కన నిలబడి ఫొటో దిగాడు. మిగతా ముగ్గురి నేరాలు ఇంతకంటే చిన్నవి.

ఆసుపత్రిలో మాత్రం ఒక్క తప్పు కూడా జరగలేదు. మేజిస్ట్రేటు గంటలోపే వచ్చాడు. అందరినీ బయటికి పంపించాడు. డాక్టరు పరీక్షించి, తెలివిలో ఉన్నాడు, మాట్లాడగలడు అని రాసిచ్చాడు. ఒక్కో ప్రశ్న అడిగి ఒక్కో జవాబు రాసుకున్నారు. ఇలా చెప్పమని నీకెవరైనా నేర్పారా అని కూడా అడిగారు. లేదన్నాడు బొజ్జన్న. ఆరు పేర్లు వరుస తప్పకుండా చెప్పాడు. చదివి వినిపించారు, వేలిముద్ర తీసుకున్నారు. సాయంత్రం నాలుగింటికి ప్రాణం పోయింది.

మరణ వాంగ్మూలం అంటే కోర్టుకు గౌరవం. చావబోయే మనిషి అబద్ధంతో పోడని న్యాయశాస్త్రం నమ్మకం. సాక్షి చేత ప్రమాణం చేయిస్తారు, అడ్డు ప్రశ్నలు వేస్తారు. చనిపోయినవాడికి అవేవీ లేవు. ఆ మాట మీద కోర్టుకు నమ్మకం కుదిరితే వేరే సాక్ష్యం లేకుండానే మనిషికి జీవితఖైదు పడవచ్చు. అంత బరువైన కాగితాన్ని తయారుచేసే గదిని చట్టం శుభ్రంగా ఉంచింది. ఆ గదికి వచ్చే దారిని మాత్రం గోపీలకు వదిలేసింది.

హనుమమ్మ గురించి చెప్పాలి. పుట్టిల్లు అహోబిలం కొండల కింద ఒక పల్లె. ఏడో తరగతి దాకా చదివింది. పెళ్లయి వచ్చిన కొత్తల్లో గొర్రు వెనక విత్తనం వదలడంలో ఆమెకు సాటి లేదని ఊరంతా చెప్పుకునేవాళ్లు. ట్రాక్టర్లు వచ్చాక ఆ విద్య మూలపడింది. రెండు బర్రెలు, నాలుగెకరాల నల్లరేగడి, పాలకేంద్రం. గొంతు పెద్దది. గుసగుసలాడటం ఆమెకు చేతకాదు. "మెల్లగా మాట్లాడు, పక్కింటోళ్లు ఇంటారు" అని బొజ్జన్న అంటే, "ఇననీ, మనమేమన్నా దొంగతనం జేసినామా?" అనేది. అటువంటి మనిషి ఆ రోజు బండిలో నోరెత్తలేదు. తర్వాత పోలీసులు వచ్చి రాసుకుంటున్నప్పుడు "మా ఆయన నాతో ఒకడే అన్యాడు సార్" అని నోరు తెరిచింది. పక్కనే కూర్చున్న పుల్లయ్య, "ఆయమ్మ తల సరిగా పనిచేస్తాండల్యా, నేను జెప్తా రాసుకో" అన్నాడు. రాసుకున్నారు. ఆమె మళ్లీ ఊరుకుంది. చావు ఇంట్లో ఉంది, కూతురు తల గోడకేసి కొట్టుకుంటోంది.

ఓబుళేశును మూడోరోజు పట్టుకుపోయారు. బెయిలు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. కొట్లాట జరిగిన గంటలో అతని లారీ ఎర్రగుంట్లలో బరువు తూచే కాటా మీద ఉంది. కాటా చీటీ మీద బండి నంబరు ఉంటుంది గాని డ్రైవరు పేరు ఉండదు. క్లీనరే తోలుకుపోయి ఉంటాడన్నారు. మరణ వాంగ్మూలం ముందు చీటీ ఎంత?

అతను జైల్లో ఉండగా ఒక ఉదయం పాలకేంద్రం దగ్గర అతని భార్య ప్రణీత హనుమమ్మకు ఎదురుపడింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. చేతిలో పాలక్యాను ధబీమని కింద పెట్టింది.

"ఏమక్కా, నీ మొగుడు నా మొగుణ్ణి యాడ జూసినాడు? శేన్లోనా, కలలోనా?"

హనుమమ్మ తన క్యాను పక్కకు జరిపింది.

"సచ్చిపోయినోని మీద మాటనగూడదంటారు. నేనంటా. బొజ్జన్న మామ అబద్ధం జెప్పి సచ్చినాడు. కొట్టు నన్ను, కొట్టు!"

క్యూలో ఉన్నవాళ్లు లాగేయబోయారు. హనుమమ్మ చెయ్యెత్తి ఆపింది. "ఇడిసిపెట్టండి. ఆయమ్మి జెప్పేది నిజమే" అంది, ఎప్పటి గొంతుతో, అందరికీ వినిపించేలా.

పాలకేంద్రంలో అన్నమాట గంటలో పుల్లయ్య వసారాకు చేరింది. కబురొచ్చింది. వెళ్లింది.

"కూర్చో హనుమక్కా" అన్నాడు పుల్లయ్య. అరవయ్యేళ్లవాడు, మర్యాద తప్పడు. "ఏందో అన్యావంట?"

"ఉన్నిందే అన్యా అయ్యా. ఓబుళేశు ఆడ లేడు. మా ఆయన నాతో కంబన్న ఒక్కడేనని జెప్పినాడు. కోర్టులో గూడా అదే జెప్తా."

"జెప్పు. జెప్తే ఏమైతాదో తెలుసునా? ఒక్క పేరు అబద్ధమంటే ఆరు పేర్లూ అబద్ధమంటారు. నీ మొగుణ్ణి సంపినోడు నీ కళ్ల ముందర మీసం దువ్వుకుంట తిరుగుతాడు. అది కావల్నా నీకు?"

ఆ మాట ఆమెను కదిలించింది. ఎందుకంటే అది బెదిరింపు కాదు, నిజం. ఆమె చేతిలో ఉన్నది ఒకే ఒక్క సాక్ష్యం. నిజం చెబితే ఐదుగురు ఏ పాపం తెలియనివాళ్లు బయటపడతారు. దాంతోపాటే కంబన్న కూడా బయటపడవచ్చు. అబద్ధం చెబితే కంబన్నకు శిక్ష పడుతుంది. ఐదుగురి బతుకులూ దానికింద నలిగిపోతాయి.

"ఆ ఐదు పేర్లూ నేను కలపలేదు గదా అయ్యా" అంది చివరికి. "కంబన్న తప్పించుకుంటే అది మీరు కలిపిన పేర్ల వల్ల. నా మీద నెట్టొద్దండి."

"శిల్ప సదువు?"

"మీరు సదివిస్తామని మా ఆయన నమ్మినాడు. నమ్మి అబద్ధమాడినాడు. నేను సదివించుకుంటా, పొండి."

పొండి అన్నది పుల్లయ్య ఇంట్లో నిలబడి. తర్వాత అది తలుచుకుని ఆమే నవ్వేది.

కేసు విచారణకు రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఈ నాలుగేళ్లలో ఆమె చేనికి సమయానికి ట్రాక్టరు రాలేదు. అడిగితే "డీజిలు లేదుక్కా" అనేవాళ్లు. రెండేళ్లు పదును దాటిపోయాక విత్తింది. శిల్ప కడపలో నర్సింగు చేరింది. రోజూ ఫోన్లో ఒకటే మాట: "మా, నువ్వు నాయిన్ను అబద్ధాలకోరు జేస్తావా కోర్టులో?"

విచారణ రోజు కడప కోర్టులో ప్రభుత్వం తరఫు వకీలు సుప్రజ. హనుమమ్మ మొదటి సాక్షి. అంతకుముందు వరండాలో సుప్రజ ఆమెకు పోలీసు స్టేట్‌మెంటు చదివి వినిపించింది. "ఇదే చెప్పాలి కదమ్మా?" అని అడిగితే, "నేను జెప్పేది లోపల జెప్తా తల్లీ" అంది హనుమమ్మ.

లోపల చెప్పింది. చేలో భర్త అన్నమాట, బండిలో గోపీ నేర్పిన పేర్లు, నీళ్లు ఇవ్వకపోవడం, అన్నీ. సుప్రజ ముఖం తెల్లబోయింది. సాక్షి ఎదురు తిరిగిందని ప్రకటించమని జడ్జిని కోరి, తన సాక్షికే తాను అడ్డు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది.

"ముద్దాయిలు నిన్ను కొనేశారు కదూ?"

"నన్ను కొనేంత దుడ్డు వాళ్లకాడ యాడుందమ్మా? ఓబుళేశు లారీ గూడా ఫైనాన్సోడు తోలకపోయినాడు."

ఎవరో నవ్వారు. జడ్జి తల ఎత్తి చూశాడు.

"పోలీసులకు ఆరు పేర్లు చెప్పావు."

"పుల్లయ్య జెప్పినాడు, పోలీసులు రాసుకున్నారు. నేను ఆడ కూసోనుంటి, అంతే."

"చావబోయే మనిషి అబద్ధం ఎందుకు చెబుతాడమ్మా? నీ భర్త అబద్ధాలకోరా?"

"కాదమ్మా. పంతొమ్మిదేళ్లల్లో నాతో ఒక్క అబద్ధం ఆడల్యా. సచ్చేటోనికి దేవుని భయముంటాది, కాబట్టి నిజమే జెప్తాడంటారు మీరు. సచ్చేటోనికి బిడ్డ గూడా ఉంటాది. దేవుని కంటే బిడ్డ భయమే పెద్దదమ్మా. శిల్పను ఎవురు జూస్తారని భయపడి వాళ్లు జెప్పమన్నిందల్లా జెప్పినాడు. తప్పు ఆయనది కాదు, ఆ భయాన్ని వాడుకున్నోళ్లది."

తర్వాత కంబన్న వకీలు లేచాడు. ఆయనకు పండగ.

"అంటే ఈ మరణ వాంగ్మూలం మొత్తం నేర్పించిందే అంటావు. అంతే కదమ్మా?"

"అంతే గాదు. ఐదు పేర్లు నేర్పిచ్చింది. కంబన్న పేరు వాళ్లు నేర్పియ్యక ముందుదే. అది ఆయన శేన్లోనే జెప్పినాడు."

"అది విన్నది నువ్వొక్కదానివే."

"అవును. నా మాట నమ్మి ఓబుళేశును ఇడిపిచ్చుకుంటారా, కంబన్న కాడికొచ్చేతలికి నా మాట పనికిరాదా? మీకు పనికొచ్చేకాడికి తెంపుకుంటే ఎట్ల సార్? నేను మీకోసం రాల్యా ఈడికి. కంబన్నకు శిక్ష పడల్లని వచ్చినా. పోస్టుమార్టం డాక్టరును అడగండి. రెండే గాయాలు, ఒకే కత్తి. ఆరుగురు నరికితే రెండు వేట్లే పడతాయా?"

ఆమె అడిగిన ఆ ప్రశ్న నాలుగేళ్లుగా పోలీసులు అడగవలసింది.

తీర్పు రెండు నెలల తర్వాత వచ్చింది. వాంగ్మూలం నేర్పించినదనే అనుమానం బలంగా ఉంది, దానిలో నిజం ఏదో అబద్ధం ఏదో విడదీయడం సాధ్యం కాదు, చేలో అన్న మాట నాలుగేళ్ల తర్వాత మొదటిసారి రికార్డుకెక్కింది, అంది కోర్టు. పోలీసులు కంబన్న కత్తి పట్టుకున్నప్పుడు సంతకం పెట్టిన సాక్షులు మాట మార్చారు. ఆరుగురూ విడుదల.

పుల్లయ్య కలిపిన ఐదు అబద్ధాలు ఆరో నిజాన్ని మింగేశాయి. కేసును గట్టిచేయడానికని కూర్చిన పేర్లే కేసును కూల్చాయి. హత్య చేసినవాడికి ఇంతకంటే మంచి వకీలు దొరకడు.

కోర్టు మెట్ల మీద కంబన్న ఆమె ముందు ఆగాడు. మెడలో అప్పటికే దండ పడింది.

"అంతా నీ పున్యెం వదినా."

"నా పున్యెం గాదురా, పుల్లయ్య పున్యెం. పోయి ఆయప్ప కాళ్లు మొక్కు. నేను నిన్ను హైకోర్టులో జూస్తా."

అన్నట్టే చేసింది. బాధితులు తామే అప్పీలు చేసుకోవచ్చని ఆమెకు చెప్పింది ఎవరో కాదు, ఆ సుప్రజే. తీర్పు రోజు వరండాలో పక్కన వచ్చి కూర్చుని, "నిన్ను ఎదురు తిరిగిన సాక్షి అన్నాను, ఏమనుకోవద్దమ్మా" అంది. "నేను ఎవరికీ ఎదురు తిరగల్యా తల్లీ, మీరంతా కలిసి అటుపక్క తిరిగి కూసోనున్యారు" అంది హనుమమ్మ. అప్పీలు వేశారు. ఇంకా విచారణకు రాలేదు. గెలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు.

ఊళ్లో ఆమెను మొగుణ్ణి రెండోసారి చంపిందని అంటారు. ఆమె ఎదురుగా అనరు, ఆ గొంతుకు భయపడి. శిల్ప మొన్న ఇంటికి వచ్చి తీర్పు కాగితాలన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివింది. చదివాక తల్లిని ఇంకేమీ అడగలేదు. ఓబుళేశు మళ్లీ లారీ తోలుతున్నాడు, ఇప్పుడు అద్దె బండి. ప్రణీత మాత్రం ఎదురుపడితే ముఖం తిప్పుకోదు, నవ్వదు కూడా. "అక్కా, నువ్వు నిజం జెప్పినావు, సరే. మావోని ఎనిమిది నెలలు యాడికి బోయినాయి?" అంది ఒకసారి.

మేజిస్ట్రేట్లను, డాక్టర్లను సంస్కరించమని అడగడం తేలిక. అడగాలి కూడా. వాంగ్మూలం రాసే ముందు, దారిలో నీ పక్కన ఎవరు కూర్చున్నారు, ఏం మాట్లాడారు అని ఒక ప్రశ్న చేర్చమని అడగండి. ఆసుపత్రికి తెచ్చినవాళ్ల పేర్లూ ఆ కాగితం మీదే రాయించమని అడగండి. గాయపడ్డవాడు మొదటగా, ఎవరూ నేర్పకముందు అన్న మాటను విన్నవాళ్లు ఆ రోజే పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి. తీసుకోకపోతే పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. హనుమమ్మ దగ్గర ఆ రసీదు ఒక్కటి ఉంటే కంబన్న ఈ రోజు జైల్లో ఉండేవాడు.

కాని అసలు అడగవలసింది మిమ్మల్ని. మన జిల్లాల్లో ఇది చదువుతున్న వాళ్లకు మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఇప్పుడు నడుస్తున్న కేసు ఒకటి తెలిసే ఉంటుంది. ఆ పేర్ల వరుసలో అక్కడ లేని మనిషి ఒకడు ఉన్నాడని కూడా తెలుసు. ఆ రోజు అతన్ని మీరు బస్టాండులోనో, మందుల అంగట్లోనో, మీ ఇంటి ముందరో చూసి ఉంటారు. మనకెందుకులే అనుకుని ఊరుకున్నారు. పేర్లు కలిపినవాడు మీ పార్టీవాడే అయినా, మీ కులంవాడే అయినా, చనిపోయినవాడు మీ రక్తసంబంధమే అయినా, వాయిదా తేదీ ఎప్పుడో కనుక్కోండి. ఏ పాపం తెలియని ఆ ముద్దాయి వకీలుకు ముందే చెప్పి సాక్షిగా పేరు ఇవ్వండి, ఆ రోజు పని మానుకుని కోర్టుకు వెళ్లండి. బోనెక్కి, చూసింది చూసినట్టు, అందరికీ వినిపించేంత గట్టిగా చెప్పండి.